కాంతి కోలాటం

సాయంకాలం వేళ కంభం చెరువు కట్టమీద నిలిచి ఒక గులకరాతిని నీటిలోకి విసిరి చూడండి. రాయి పడిన చోట నీరు ఎగసిపడుతుంది. వలయాలు వలయాలుగా అలలు బయలుదేరి, దూరం పోయినకొద్దీ పలచబడి, కడకు చెరువు మళ్లీ అద్దంలా నిలుస్తుంది. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన ఆ పురాతన తటాకం బేస్తవారిపేట ప్రాంతపు విద్యార్థులకు కొత్తది కాదు. అందులోకి రాయి విసరడమూ కొత్త కాదు. అయితే నీరు తిరిగి నిశ్చలం కావడానికి ఎంత కాలం పట్టింది, రాయి ఇచ్చిన శక్తి ఎక్కడికి పోయింది అని ఆలోచించినవారు తక్కువ. చెరువుకు బదులు ఒక అణువును, రాతికి బదులు ఒక కాంతి స్పందాన్ని ఊహించుకుంటే ఈ రెండు ప్రశ్నలే భౌతిక, రసాయన శాస్త్రాలు కలిసి నడిచే ఒక గొప్ప పరిశోధనరంగానికి ద్వారాలు అవుతాయి.

అణువు కాంతిని గ్రహించగానే భూస్థాయి నుండి ఉత్తేజిత స్థితికి చేరుతుంది. ఆ స్థితిలో అది ఎంతోసేపు నిలువదు. పొందిన శక్తిలో కొంత భాగాన్ని కంపనాల రూపంలో తనలోనే పంచుకుంటుంది. కొంత భాగాన్ని చుట్టూ ఉన్న ద్రావణి అణువులకు వేడిగా అప్పగిస్తుంది. ఒక్కొక్కప్పుడు కాంతిగా తిరిగి వెలువరిస్తుంది. మరొకప్పుడు తన రూపాన్నే మార్చుకుంటుంది. ఉత్తేజితమైన అణువు ఈ విధంగా మళ్లీ సమతాస్థితికి చేరుకునే క్రమాన్ని శాస్త్రజ్ఞులు 'రిలాక్సేషన్' అన్నారు. మన భాషలో దానిని విశ్రాంతి అనవచ్చు. నిజానికి ఈ పేరు కొంత పొరపాటు అభిప్రాయాన్ని కలిగిస్తుంది. విశ్రాంతి అనగానే మధ్యాహ్నపుటెండలో వేపచెట్టు నీడన నడుము వాల్చిన రైతు గుర్తుకు వస్తాడు. అణువు విశ్రాంతి అటువంటి తీరిక కాదు, తలమీది మూటను దించుకునే తొందర. ఆ మూటను ఏ దారిన, ఎవరి ముందు, ఎంత త్వరగా దించుతుందన్న దానిమీదనే ఆ అణువు భవితవ్యం ఆధారపడి ఉంటుంది.

అణువు భవితవ్యంతో మనకేమి పని అని అడుగవచ్చు. కంది చేలలో, మిర్చి తోటలలో పగలంతా ఎండలో పనిచేసే మనిషిని తలచుకోండి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలలో కొంత భాగం వాతావరణాన్ని దాటి అతని చర్మాన్ని తాకుతుంది. చర్మకణాలలోని డి.ఎన్.ఎ. ఆ కిరణాలను గ్రహించగలదు. గ్రహించిన శక్తి డి.ఎన్.ఎ.లోని నత్రజని క్షారాలలో ఎక్కువసేపు నిలిచిపోతే రసాయన బంధాలు మారిపోయి, వంశపారంపర్య లిపిలో తప్పులు దొర్లుతాయి. ఆ తప్పులే కొన్నిసార్లు చర్మ కాన్సరుకు దారితీస్తాయి. అయినా ఎండలో తిరిగిన ప్రతివారికీ అటువంటి ఆపద రావడం లేదు. అందుకు జీవకణం చేసుకునే మరమ్మతు ఒక కారణం. శక్తిని తక్షణమే దించుకునే క్షారాల స్వభావం మరొక కారణం. 2000 సంవత్సరంలో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బెర్న్ కోలర్ బృందం ద్రావణంలో ఉన్న విడి న్యూక్లియోసైడులను పరీక్షించి, వాటి ఉత్తేజిత స్థితి ఒక సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా నిలువదని చూపింది. ఆ లోపుననే కాంతిశక్తి వేడిగా మారి చుట్టూ ఉన్న నీటిలోకి జారుకుంటుంది. హాని చేయవలసిన రసాయన చర్యకు సమయమే చిక్కదు. అయితే డి.ఎన్.ఎ.లో క్షారాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉన్నప్పుడు కొన్ని ఉత్తేజిత స్థితులు ఇంతకంటె చాలా ఎక్కువసేపు నిలుస్తాయని తరువాతి పరిశోధనలలో తేలింది. కాబట్టి ఈ రక్షణ కథ మొదట అనుకున్నంత సులభమైనది కాదు.

ఇక్కడ కాలమానాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. సెకనులో లక్ష కోట్లవ వంతును పికోసెకను అంటారు. అందులో వెయ్యవ వంతు ఫెమ్టోసెకను. ఒక సెకనులో మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, ఒక ఫెమ్టోసెకనులో మిల్లీమీటరులో మూడువేలవ వంతు కంటె ఎక్కువ దూరం పోలేదు. ఒక ఫెమ్టోసెకనుకు సెకను ఎంత పెద్దదో, ఒక సెకనుకు సుమారు 3 కోట్ల 17 లక్షల సంవత్సరాలు అంత పెద్దవి. అణువులలో పరమాణువుల కదలికలు ఈ కాలప్రమాణంలోనే జరుగుతాయి. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య బంధం ఒకసారి సాగి ముడుచుకోవడానికి తొమ్మిది, పది ఫెమ్టోసెకనులు చాలు. మన కంటి రెటీనాలో రొడాప్సిన్ అనే అణువు కాంతిని గ్రహించి తన ఆకారాన్ని మార్చుకోవడానికి సుమారు 200 ఫెమ్టోసెకనులు పడుతుందని 1991లో కనుగొన్నారు. ఈ వాక్యాన్ని మీరు చదవడానికి మొదటి మెట్టు ఆ 200 ఫెమ్టోసెకనులలో జరిగిపోయింది.

అణువుల లోపలి సంగతులను కాంతి సాయంతో తెలుసుకొనే వర్ణపటశాస్త్రంలో తెలుగువారికి గట్టి పునాదులే ఉన్నాయి. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం, రామన్ ఫలితం వెలువడిన 1928లోనే కలకత్తాలో సి.వి. రామన్ వద్ద చేరి పరిశోధనలు చేశారు. తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను భౌతికశాస్త్ర విభాగాలను తీర్చిదిద్దారు. కాంతి పరిక్షేపణాన్ని గూర్చి ఆయన రచించిన గ్రంథం 1940లో వెలువడింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే కొచ్చెర్లకోట రంగధామరావు వర్ణపట పరిశోధనకు ఒక సంప్రదాయాన్ని నెలకొల్పి, కేంద్రక చతుర్ధ్రువ అనునాదమనే విభాగాన్ని కూడా అక్కడ పెంపొందించారు. ఆ తరంవారి చేతిలో ఉన్న సాధనం ప్రధానంగా వర్ణపటం. అది నిలిచి ఉన్న చిత్రం. అందులో రేఖ ఎక్కడ ఉన్నదో చూచి అణువు కంపన పౌనఃపున్యాన్ని చెప్పవచ్చు. రేఖ ఎంత వెడల్పుగా ఉన్నదో చూచి విశ్రాంతి కాలాన్ని ఊహించవచ్చు. ఊహించవచ్చునని మాత్రమే ఎందుకన్నానంటే, వర్ణపటరేఖ వెడల్పు కావడానికి ఒకటి కంటె ఎక్కువ కారణాలున్నాయి. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నిలిచి ఉన్న చిత్రం వాటిని విడదీసి చూపలేదు.

ఆ కారణాలు ఏమిటో తెలియాలంటే మన ఊళ్లలో ఉత్సవాలకు ఆడే కోలాటాన్ని మనసులో ఉంచుకోవాలి. ముప్పయిమంది వలయంగా నిలిచి గురువు తాళానికి ఒక్కసారిగా కోలలు తాకిస్తారు. చప్పుడు గణగణమని ఒక్కటిగా మోగుతుంది. ఇప్పుడు గురువు తాళం ఆపివేశాడనుకొందాం. ఆటగాళ్లు తమంతట తామే ఆట సాగిస్తారు. కొంతసేపటికి చప్పుడులో ఐక్యత చెదిరి, చిటపటమని చినుకులు రాలినట్లవుతుంది. ఎవరూ అలసిపోలేదు, అందరూ ఆడుతూనే ఉన్నారు. లయ మాత్రం తప్పింది. ఇంకా చాలాసేపటికి ఒక్కొక్కరే అలసి కూర్చుంటారు. అప్పుడు ఆట ముగుస్తుంది.

అణువుల సమూహంలోనూ ఈ రెండు రకాల విశ్రాంతులు ఉన్నాయి. అణువులు శక్తిని కోల్పోయి కిందికి దిగడం ఆటగాళ్లు అలసి కూర్చోవడం వంటిది. శక్తి ఉండగానే అణువుల కంపనాల మధ్య దశాసంబంధం చెదిరిపోవడం లయ తప్పడం వంటిది. సాధారణంగా లయ తప్పడమే ముందు జరుగుతుంది. లయ తప్పడానికి మళ్లీ రెండు కారణాలు. ఆటగాళ్లలో కొందరిది స్వభావంచేతనే వేగమైన చేయి, కొందరిది నిదానమైన చేయి. వారి మధ్య భేదం స్థిరమైనది. ఇది కాక, ఆట నడుమ ఎవరో వచ్చి తగలడంచేత, కాలికింద రాయి పడడంచేత అనుకోకుండా కలిగే తడబాటు మరొకటి. అణువులకైతే మొదటిది వాటి వాటి పరిసరాలలోని స్థిరమైన తేడా. రెండవది ద్రావణి అణువులు ఎడతెగక చేసే తాకిడి. శాస్త్రజ్ఞునికి కావలసినది రెండవదే. అణువుకూ దాని చుట్టూ ఉన్న ప్రపంచానికీ మధ్య జరిగే సంభాషణ అందులోనే ఉంది. మొదటిది దానిని కప్పివేసే మసక.

ఈ మసకను తొలగించే ఉపాయం కాంతిశాస్త్రంలో కాక, అయస్కాంత అనునాద శాస్త్రంలో ముందుగా దొరికింది. 1950లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్విన్ హాన్, పరమాణు కేంద్రకాలపై ఒక రేడియో స్పందాన్ని ప్రయోగించి, కొంత వ్యవధి తరువాత రెండవ స్పందాన్ని ప్రయోగించాడు. రెండవ స్పందం తరువాత అంతే వ్యవధి గడవగానే, ఎవరూ ఏమీ చేయకుండానే, కేంద్రకాల నుండి ఒక సంకేతం తిరిగి వచ్చింది. దానికి 'స్పిన్ ప్రతిధ్వని' అని పేరు. దీనిని వివరించడానికి హాన్ పరుగుపందెగాళ్ల పోలికను వాడాడు. దానిని మన కళాశాల మైదానానికి తెచ్చుకొందాం. వ్యాయామ ఉపాధ్యాయుడు ఈల వేయగానే ఇరవైమంది ఒకే గీత నుండి పరుగెత్తారు. ఎవరి వేగం వారిది కనుక ఒక నిమిషానికి చెల్లాచెదరయ్యారు. అప్పుడు రెండవ ఈల: అందరూ ఉన్నచోటనే వెనుదిరిగి, అదే వేగంతో పరుగెత్తాలి. ఎక్కువ దూరం పోయినవాడు వేగం కలవాడు. తక్కువ దూరం పోయినవాడు నిదానస్తుడు. సరిగా మరొక నిమిషానికి ఇరవైమందీ ఒకేసారి గీత దగ్గరకు చేరుకొంటారు. వేగాలలోని స్థిరమైన తేడా తనను తానే రద్దు చేసుకొంది. నడుమ ఎవడైనా కాలుజారి పడినా, స్నేహితుడు పిలిస్తే ఆగినా, వాడు మాత్రం సమయానికి గీత చేరలేడు. చేరినవారి సంఖ్య ఎంత తగ్గిందో చూస్తే, దారిలో జరిగిన అనుకోని తాకిడులు ఎన్నో లెక్కకు వస్తాయి. రెండు ఈలల మధ్య వ్యవధిని క్రమంగా పెంచుతూ ప్రతిధ్వని ఏ విధంగా క్షీణిస్తున్నదో గీసిన రేఖాపటమే నిజమైన విశ్రాంతి కాలానికి కొలత.

ఇది చాలా అందమైన ఉపాయమని నా అభిప్రాయం. చెదిరిపోయినదంతా నశించినది కాదు. అందులో కొంత తిరిగి కూడగట్టగలిగినది ఉంటుంది, కొంత తిరిగి రానిది ఉంటుంది. ఈ రెండింటినీ విడదీయడానికి కావలసినవి రెండు స్పందాలు, వాటి మధ్య ఒక వ్యవధి మాత్రమే. నేడు పట్టణాల ఆసుపత్రులలో తీసే ఎం.ఆర్.ఐ. చిత్రాలలో కండరానికి, కొవ్వుకు, వాచిన భాగానికి మధ్య కనబడే నలుపు తెలుపుల తేడా కూడా చాలావరకు ఆయా కణజాలాలలోని హైడ్రోజన్ కేంద్రకాల విశ్రాంతి కాలాలలోని తేడాయే. పరీక్ష జరుగుతున్నంతసేపూ యంత్రంలో వినబడే టకటక శబ్దం, స్పందాల వరుసకు తోడుగా అయస్కాంత క్షేత్రాన్ని మార్చే తీగచుట్టలు చేసే చప్పుడు.

రేడియో తరంగాలతో సాధ్యమైనది కాంతితో ఎందుకు సాధ్యం కారాదు? 1964లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కర్నిట్, అబెల్లా, హార్ట్‌మన్ అనే ముగ్గురు లేజరు స్పందాలను కెంపు స్ఫటికంపై ప్రయోగించి 'ఫోటాన్ ప్రతిధ్వని'ని సాధించారు. అయితే కెంపు స్ఫటికాన్ని చాలా తక్కువ ఉష్ణోగ్రతకు చల్లబరిస్తే దానిలో లయ నెమ్మదిగా చెదురుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రవంలో తేలే అణువుల మాట వేరు. అక్కడ లయ కొన్ని పదుల ఫెమ్టోసెకనులలోనే చెదిరిపోతుంది. అంతకంటె పొట్టి కాంతి స్పందాలు లభించేవరకు శాస్త్రజ్ఞులు వేచి ఉండవలసివచ్చింది. 1980 తరువాత అవి లభించాయి.

ఆ స్పందాలతో మొట్టమొదట ప్రసిద్ధికెక్కినది రెండు స్పందాల పద్ధతి. మొదటి స్పందం అణువును ఉత్తేజితం చేస్తుంది. కొంత ఆలస్యంగా వచ్చే రెండవ స్పందం అణువు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నదో చూచి వస్తుంది. ఆలస్యాన్ని కలిగించడానికి గడియారం పనికిరాదు. రెండవ స్పందం దారిలో ఉన్న అద్దాన్ని వెనుకకు జరిపితే చాలు. అద్దం మిల్లీమీటరులో వెయ్యవ వంతు జరిగితే కాంతి పోయి రావలసిన దూరం దానికి రెట్టింపు పెరిగి, సుమారు 6.7 ఫెమ్టోసెకనుల ఆలస్యం కలుగుతుంది. కాలాన్ని దూరంగా మార్చి కొలవడమన్నమాట. ఈజిప్టులో జన్మించి అమెరికాలో స్థిరపడిన అహ్మద్ జెవైల్ 1987లో ఈ పద్ధతితో అయొడిన్ సయనైడు అణువులోని బంధం సుమారు 200 ఫెమ్టోసెకనులలో తెగిపోవడాన్ని గమనించాడు. 1999లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మన హైదరాబాదులోనూ ఈ పని జరిగింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో డి. నారాయణరావు, ఆయనతోపాటు ఎస్. వేణుగోపాలరావు మొదలైనవారు రోడమిన్, పార్ఫిరిన్, థాలోసయనిన్ వంటి రంగు అణువులపై లేజరు స్పందాలను ప్రయోగించి, వాటి ఉత్తేజిత స్థితులు ఎంతసేపు నిలుస్తాయో పరిశీలించారు. అదే విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విభాగంలో అనునయ్ సామంత బృందం, ఒక అణువు హఠాత్తుగా ఉత్తేజితమైతే దాని చుట్టూ ఉన్న ద్రావణి అణువులు ఏ విధంగా సర్దుకొంటాయో విస్తృతంగా పరిశోధించింది. పార్ఫిరిన్‌లు ఆకులకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితానికి, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌కు దగ్గరి బంధువులు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఎల్. గిరిబాబు వంటివారు ఈ కుటుంబానికి చెందిన రంగులను సౌరఘటాల కోసం తయారుచేశారు. సౌరఘటంలో రంగు అణువు ఎండను గ్రహించి, ఒక ఎలక్ట్రానును పక్కనున్న టైటానియం డయాక్సైడుకు అందించాలి. అది అందించేలోగా తానే విశ్రాంతి పొందితే ఆ శక్తి వట్టి వేడిగా వ్యర్థమవుతుంది. అందుచేత రంగు తయారుచేసే రసాయనజ్ఞునికి దాని విశ్రాంతి కాలమూ తెలియాలి. ఎండకు కొదవలేని పశ్చిమ ప్రకాశం వంటి ప్రాంతాలకు ఈ లెక్క ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

రెండు స్పందాలతో ఇంత తెలిసింది. మరి అయస్కాంత అనునాదంలో వలె మూడు, నాలుగు, పది స్పందాలను కోరిన వ్యవధులతో, కోరిన దశలతో ప్రయోగించగలిగితే ఇంకెంత తెలుస్తుంది! ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. రేడియో తరంగాన్ని విద్యుత్ పరికరంతో కోరినప్పుడు ఆపవచ్చు, మొదలుపెట్టవచ్చు. పరారుణానికి దగ్గరగా ఉండే లేజరు కాంతి సెకనుకు 375 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. ఫెమ్టోసెకనులలో తెరిచి మూసే మీట ఏ విద్యుత్ పరికరంలోనూ లేదు.

చిక్కు విడిపోయిన తీరు చూడదగినది. కాంతి స్పందం ఎంత పొట్టిదైతే దానిలో అన్ని ఎక్కువ రంగులు ఉండి తీరాలి. 800 నానోమీటర్ల దగ్గర 100 ఫెమ్టోసెకనుల స్పందానికి తొమ్మిది నానోమీటర్ల పట్టీ చాలు; 10 ఫెమ్టోసెకనుల స్పందానికి సుమారు 94 నానోమీటర్ల పట్టీ కావాలి. ఆ రంగులన్నీ ఒక క్షణంలో ఒకే లయలో కలిసినప్పుడే స్పందం పుడుతుంది. అంటే స్పందం కూడా ఒక కోలాటమే! అందరి కోలలూ ఒక్కసారి తాకిన ఆ మోతే స్పందం. ఆటగాళ్లలో ఎవరు ఎంత ముందు, ఎవరు ఎంత వెనుక కోల తాకించాలో మనం నిర్ణయించగలిగితే మోత ఆకృతిని మార్చవచ్చు: ఒక మోతకు బదులు రెండు, లేక సమాన వ్యవధులతో పది. కాలాన్ని తాకవలసిన పని లేదు. రంగులను తాకితే చాలు.

1980ల చివర అమెరికాలోని బెల్ కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సంస్థలో ఆండ్రూ వైనర్, జోనాథన్ హెరిటేజ్ మొదలైనవారు ఈ పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చారు. సన్నని గీతలు గీసిన వివర్తన జాలకం స్పందాన్ని రంగులుగా విడదీస్తుంది. కటకం ఒక్కొక్క రంగును ఒక్కొక్క బిందువు దగ్గర కేంద్రీకరిస్తుంది. అక్కడ ఒక పలుచని పలక ఉంటుంది. అది ఏ రంగును ఎంత ఆలస్యం చేయాలో, ఏ రంగును ఎంత మసకబార్చాలో నిర్ణయిస్తుంది. తరువాత మరొక కటకం, మరొక జాలకం రంగులను తిరిగి కలిపి స్పందంగా పంపుతాయి. మొదట్లో ఆ పలక గాజుపై చెక్కిన స్థిరమైన నమూనా. ఆకృతి మార్చాలంటే పలకనే మార్చాలి. తరువాత ద్రవస్ఫటికాల పలకలు వచ్చాయి. వాటిలో 128, 640 వంటి సంఖ్యలలో చిన్న చిన్న గడులుంటాయి. ఒక్కొక్క గడికి ఇచ్చే విద్యుత్ పీడనాన్ని మార్చితే ఆ రంగు ఆలస్యం మారుతుంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్ది, తుడిచి, మళ్లీ దిద్దినట్లు ఈ పలక మీద కంప్యూటరు కాంతి ఆకృతిని రాసి, తుడిచి, మళ్లీ రాస్తుంది.

ఇటువంటి స్పందాల వరుస అణువులపై ఏమి చేయగలదో 1990లో వైనర్, ఎం.ఐ.టి.కి చెందిన కీత్ నెల్సన్, వారి సహచరులు చూపారు. పెరిలీన్ అనే సేంద్రియ పదార్థపు స్ఫటికంలో అణువులు జంటలుగా, అరలుగా అమరి ఉంటాయి. ఆ అమరిక అనేక విధాలుగా ఊగగలదు. ఒకే ఒక్క స్పందాన్ని ప్రయోగిస్తే అన్ని రకాల ఊగులాటలూ ఒకేసారి మొదలై కలగాపులగమవుతాయి. పరిశోధకులు ఒక బలమైన స్పందానికి బదులు, ఎంచుకొన్న ఒక్క ఊగులాట ఆవర్తన కాలానికి సరిపోయే వ్యవధులతో బలహీనమైన స్పందాల వరుసను పంపారు. అట్లతద్దినాడు ఉయ్యాల ఊపే పిల్లలకు ఈ రహస్యం తెలుసు. ఉయ్యాల వెనుకకు వచ్చి తిరిగే క్షణంలో మెల్లగా తోస్తే చాలు, తోపు తోపుకూ ఎత్తు పెరుగుతుంది. వేళకాని వేళ తోస్తే ఆగిపోతుంది. పెరిలీన్‌లోనూ ఎంచుకొన్న ఊగులాట ఒక్కటే పెరిగింది, తక్కినవి అణగిపోయాయి. ఒక్కదానినే పెంచగలిగినప్పుడు, అది ఎంతకాలానికి క్షీణిస్తుందో తక్కినవాటి అడ్డు లేకుండా కొలవవచ్చు.

తరువాతి అడుగు స్పందాల మధ్య దశను కూడా అదుపులో ఉంచడం. 2003లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో వారెన్ వారెన్ బృందం మలచిన స్పందాలతో రుబీడియం ఆవిరిపై రెండు పరిమాణాల వర్ణపటాన్ని గీసింది. వారెన్ మొదట అయస్కాంత అనునాదంలో స్పందాలను మలచినవాడే. అతని వద్ద శిక్షణ పొందిన దేబబ్రత గోస్వామి తరువాత కాన్పూరు ఐ.ఐ.టి.లో ఈ రంగంలో పరిశోధనలు సాగించాడు. రెండు పరిమాణాల వర్ణపటమంటే, అణువు ఏ రంగును గ్రహించిందో ఒక అక్షం మీద, కొంత వ్యవధి తరువాత ఏ రంగు దగ్గర స్పందించిందో రెండవ అక్షం మీద గుర్తించిన పటం. శక్తి ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరిందో, ఎంతసేపటికి చేరిందో ఆ పటాల వరుస చూపుతుంది. నిలిచి ఉన్న పాత వర్ణపటం కలిపేసిన రెండు కారణాలూ ఇందులో విడివిడిగా కనబడతాయి. స్థిరమైన తేడా పటంలోని మచ్చను కర్ణం వెంబడి సాగదీస్తుంది. ఎడతెగని తాకిడి దానిని కర్ణానికి అడ్డంగా వెడల్పు చేస్తుంది.

ఈ రంగంలో ఆశలు కొన్ని హద్దులు దాటాయని కూడా చెప్పాలి. లేజరు వచ్చిన తొలిరోజులలోనే రసాయనజ్ఞులు ఒక కల కన్నారు. అణువులో కోరిన బంధాన్ని మాత్రమే కాంతితో తెంచి, తక్కినవాటిని ముట్టకుండా విడిచిపెట్టాలన్నదే ఆ కల. అది ఫలించలేదు. ఏ బంధంలో శక్తిని నింపినా అది పికోసెకనులలోనే అణువంతా పాకిపోయి, ఎప్పుడూ తెగే బలహీనమైన బంధమే తెగింది. కలను భగ్నం చేసినది విశ్రాంతియే. శక్తి పాకిపోకముందే పని ముగించాలంటే స్పందం ఆకృతి అణువు లయకు సరిపోవాలి. ఆ ఆకృతి ఏదో లెక్కకట్టడం కష్టం కనుక, అణువునే అడిగి తెలుసుకోవాలని 1992లో జడ్సన్, రాబిట్జ్ సూచించారు. కంప్యూటరు వేర్వేరు ఆకృతులను ప్రయోగించి, మంచి ఫలితమిచ్చినవాటిని ఉంచుకొని, వాటిని కలిపి కొత్తవాటిని పుట్టించి, మళ్లీ ప్రయోగిస్తుంది. 1998లో జర్మనీలో గెర్బెర్ బృందం ఇనుము గల ఒక కర్బన సంయోగంపై ఈ పద్ధతితో చర్యాఫలాల నిష్పత్తిని మార్చి చూపింది.

2006లో బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీనులో రెటినాల్ ఆకారపు మార్పును మలచిన స్పందాలతో ఇరవై శాతం మేరకు పెంచవచ్చు, తగ్గించవచ్చునని ఒక బృందం ప్రకటించింది. 2009లో మరొక బృందం తక్కువ తీవ్రత గల కాంతితో పరీక్షించి, అక్కడ ఆకృతి ప్రభావం తమకు కనబడలేదని, ఎక్కువ తీవ్రత దగ్గర మాత్రమే కనబడిందని తెలిపింది. ఇటువంటి కథే కిరణజన్య సంయోగక్రియలోనూ జరిగింది. 2007లో ఆకుపచ్చని గంధక బాక్టీరియాలోని ఒక ప్రోటీనుపై తీసిన రెండు పరిమాణాల వర్ణపటాలలో దీర్ఘకాలం సాగే స్పందనలు కనబడ్డాయి. ప్రకృతి క్వాంటం లయను వాడుకొని శక్తిని చేరవేస్తున్నదని లోకమంతా మారుమోగింది. పదేళ్ల తరువాత మరింత జాగ్రత్తగా చేసిన కొలతలలో, గది ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రానుల లయ సుమారు 60 ఫెమ్టోసెకనులలోనే చెదిరిపోతున్నదని, అంతసేపు సాగినవి చాలావరకు పరమాణువుల సాధారణ కంపనాలేనని తేలింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. రెండు కోలాటాలు పక్కపక్కన జరుగుతున్నప్పుడు వినబడుతున్న మోత దేనిదో దూరంనుండి చెప్పడం కష్టం. దానిని తేల్చినవి కూడా అవే స్పందాల వరుసలు. ఈసారి ఉష్ణోగ్రతను మార్చి, కాంతి ధ్రువణాన్ని మార్చి, ఒక్కొక్క వ్యవధిని మళ్లీ మళ్లీ కొలిచారు.